మనవాళ్ళకే అడ్జస్ట్‌మెంట్

"వాడు నోరు తెరిచేదాక నేను గూడ ముద్ద ముట్ట," అంటూ శాంతవ్వ జొన్నరొట్టెల పళ్ళెం తెచ్చి కోడలి ముందర పెట్టింది. "నువ్వు తిను. తిని బలంగుండు. రేపు మల్ల ఇంకొకల్ను పండవెట్టాలె గదా."

జ్యోతిరాణి పళ్ళెం వైపు చూడలేదు. పడకగది తలుపు ఓరగా ఉంటే ఆ సందులోంచి భర్త వీపు కనపడుతున్నది, ఆమె దాన్నే చూస్తున్నది.

కుమారస్వామి గోడవైపు తిరిగి పడుకున్నాడు. బుధవారం నాడు తాండూరు బడిలో క్లాసు మధ్యలో బయటికి నడిచి, రైలెక్కి వికారాబాదు వచ్చి పడ్డవాడు ఇవాళ ఆదివారం దాకా తల్లితో గాని భార్యతో గాని ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్ళిస్తే తాగుతాడు. అన్నం పెడితే కెలికి వదిలేస్తాడు. నిన్న డాక్టరుకు చూపిస్తే ఆయన బీపీ చూసి, గుండె చూసి, ఒంట్లో ఏం లేదమ్మా, మనిషి మనసు అలిసిపోయింది, కొన్నాళ్ళు ఆ బడి మాట ఎత్తకండి అన్నాడు. ఎత్తకుండా ఎట్లా? కుమారస్వామి లెక్కలు చెప్పే బడికి ప్రిన్సిపాల్ ఆయన భార్యే.

"నేనేం జేసిన అత్తమ్మా?" అన్నది జ్యోతిరాణి.

"నాకేమెరుక? చీకటితోని రైలెక్కి పోతడు, చీకటి వడ్డంక వస్తడు. ఆదివారమన్న ఇంట్ల ఉంటడా అంటే యాలాల్ దిక్కు ఊర్లు తిరుగుతడు. మీ పిల్లల్ను మా బడికి తోలున్రి అని ఇల్లిల్లు అడుక్కుంట. పంతులు పనా అది?"

"అందరు తిరుగుతున్నరు. వాళ్ళ ఇండ్లల్ల ఎవరన్న గిట్ల పండుకున్నరా?"

"ఆళ్ళ ఇండ్లల్ల పెండ్లాలు ప్రిన్సిపాళ్ళు కారు," అన్నది శాంతవ్వ. "మొగన్ని కింద వెట్టుకొని పని జేయిస్తే గిట్లనే అయితది."

ఆ మాట జ్యోతిరాణికి చురుక్కున తగిలింది. పాత ప్రిన్సిపాల్ మానేసినప్పుడు ఆ కుర్చీలో కూచొమ్మన్నది కుమారస్వామే. ఎవరేమనుకున్నా నాకు ఫికర్ లేదు, నాకన్నా నువ్వు బాగా నడుపుతవు అన్నాడు. ఆ సంగతి అత్తకు తెలుసు. తెలిసీ అంటున్నది.

"నేను మీ కొడుకు కింద పని జేసి పండుకుంటే ఏమనేటోళ్ళు? పనికి తట్టుకుంటలేదు అనేటోళ్ళు గదా?"

"అనేటోళ్ళమే," అన్నది శాంతవ్వ తడుముకోకుండా. ఇద్దరి మధ్యా రొట్టెలు చల్లారిపోయాయి.

ప్రైవేటు బడుల్లో పని చేసినవాళ్ళకు అడ్జస్ట్‌మెంట్ అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. మిగిలినవాళ్ళు వినండి. ఒక టీచరు రాకపోతే ఆ క్లాసు ఊరికే ఉండకూడదు. ఇంకో టీచరుకున్న ఒకే ఒక్క ఖాళీ పీరియడ్ పీకి అందులో వేస్తారు. నీళ్ళు తాగాలన్నా, పరీక్ష పేపర్లు దిద్దుకోవాలన్నా, కాసేపు కళ్ళు మూసుకోవాలన్నా ఆ పీరియడే దిక్కు. అది ఎవరిది పోవాలో పొద్దున ప్రార్థన కాకముందే ప్రిన్సిపాల్ చెబుతుంది. వేరేవాళ్ళది తీసుకుంటే మూతులు ముడుచుకుంటారు. మొగుణ్ణి కాపాడుకుంటున్నదని గుసగుసలాడుతారు. అందుకని జ్యోతిరాణి ఒక పద్ధతి పెట్టుకున్నది. ముందు మొగుడిది. అది చాలకపోతే రెబెక్కది. రెబెక్క సైన్సు టీచరు, బీఎడ్ నాటి స్నేహితురాలు, ఏనాడూ కాదన్న మనిషి కాదు.

మీటింగులో కోప్పడాలన్నా అదే వరస. ఇంటివాణ్ణే అన్నాక మిగిలినవాళ్ళు నోరెత్తరని ఆమె లెక్క. లెక్క తప్పలేదు కూడా. మేడమ్ నిక్కచ్చి మనిషి, తన పర భేదం లేదు అని బడంతా చెప్పుకున్నారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమెకు కడుపు నిండినట్టుండేది. ఎవరి కడుపు మాడ్చి ఆ నిండుతనం వచ్చిందో చూసుకునే తీరిక ఆమెకు దొరకలేదు. మన మేడమ్ మంచిదే, కాదనను. కానీ మంచిదన్న పేరు కోసం మనిషి ఎంత పాడు పనైనా చేస్తుంది.

వాకిట్లో కారు ఆగింది.

కరస్పాండెంట్ సూర్యప్రకాశ్ లోపలికి వచ్చాడు. తాండూరులో ఆయనకు కందిపప్పు మిల్లు ఉన్నది, ఈ బడి ఉన్నది, రెండింటికీ కలిపి ఒకటే ఆఫీసు గది ఉన్నది. చేతిలో ఆపిల్ పండ్ల సంచి. మనిషి ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. గట్టిగా మాట్లాడే అవసరం ఆయనకు రాదు.

"సార్ ఎట్లున్నరు మేడమ్? వినంగనే నాకు మస్తు పరేషాన్ అయ్యింది," అంటూ కుర్చీ లాక్కుని కూచున్నాడు. "అమ్మా, మంచిగున్నరా?"

శాంతవ్వ సంచి అందుకోలేదు. ఆయనే దాన్ని కింద పెట్టాడు.

"పండుకున్నడు సార్," అన్నది జ్యోతిరాణి.

"మొన్ననే గదా మనం టెన్షన్ తగ్గించే ప్రోగ్రాం పెట్టిపిచ్చినం? హైదరాబాదు నుంచి మనిషిని పిలిపిచ్చిన. కుమారస్వామి సార్ గూడ బుగ్గ ఊదిండు. మంచిగ నవ్విండు గూడ. మల్ల గిదేంది?"

ఆ ప్రోగ్రాం ముచ్చట కూడా చెప్పుకోవలసిందే. టీచర్లకు ఒత్తిడి ఎక్కువైందని ఎవరో ఆయన చెవిన వేశారు. దానికి ఆయన ఆదివారం సెలవు రద్దు చేసి, అందరూ తప్పనిసరిగా రావాలని చెప్పి, హైదరాబాదు నుంచి ఒక సూటు వేసుకున్నాయనను దించాడు. ఆయన తలా ఒక బుగ్గ, అదే బెలూను, ఇచ్చి, మీ బాధలన్నీ దీంట్లోకి ఊదండి, ఇప్పుడు పగలగొట్టండి అన్నాడు. ఫట్‌ఫట్‌మని అందరూ పగలగొట్టారు. ఫొటోలు తీసుకున్నారు. మరునాడు సోమవారం, అడ్మిషన్ల కోసం తిరగవలసిన ఊళ్ళు ఇంకొన్ని పెరిగాయి. పదో తరగతికి పొద్దటి స్పెషల్ క్లాసు కూడా పెరిగింది, అది కుమారస్వామికి పడ్డది.

"నేను ముచ్చట సాపుగ చెప్త మేడమ్," అన్నాడు సూర్యప్రకాశ్. "రేపు పేరెంట్స్ మీటింగ్ ఉన్నది. ముంగట పరీక్షలున్నయి. పదో తరగతి పొద్దటి క్లాసు ఖాళీ ఉండొద్దు. సార్ వస్తే సంతోషం. రాలేనంటే రాజీనామా ఇయ్యుమనుండ్రి, వేరే మనిషిని చూసుకుంటం. సార్ మీద నాకు కోపమేం లేదు."

జ్యోతిరాణి చీర కొంగు వేళ్ళకు చుట్టుకున్నది. పొద్దటినుంచి లోపల అనుకుంటున్న మాటే, బయటికి తేవడానికి చాలా బలం కావలసి వచ్చింది.

"సార్, ఊర్లు తిరుగుడు పరీక్షలు అయ్యేదాక ఆపుదాం. టీచర్లకు రోజుకొక పీరియడ్ ఖాళీ ఇడుద్దాం, దాన్ని ఎవ్వరు ముట్టొద్దు. లేకుంటే ఇయ్యాల ఈయన పడ్డడు, రేపు ఇంకొకలు పడ్తరు."

సూర్యప్రకాశ్ చిన్నగా నవ్వాడు.

"నన్ను అడుగుతున్నరేంది మేడమ్? ప్రిన్సిపాల్ మీరు. ఊర్లు తిరగాలె అన్న గని, అన్ని ఊర్లు కుమారస్వామి సారే తిరగాలె అన్ననా? ఖాళీ పీరియడ్ పీకుమన్ననా? ఎవరికి ఏం వెయ్యాల్నో మీరే ఏస్తరు. నేను ఏనాడన్న చెయ్యి వెట్టిన్నా?"

ఆయన చెప్పింది అబద్ధమైతే బాగుండేది.

"ఆపాల్నంటే ఆపుండ్రి. మీ ఇష్టం. అడ్మిషన్లు తగ్గితే, పదోది రిజల్టు తగ్గితే, గప్పుడు గూడ మిమ్మల్నే అడుగుత. గంతే గదా?"

పడకగది తలుపు కిర్రుమన్నది. ముగ్గురూ తలలు తిప్పారు.

కుమారస్వామి గడప మీద నిలబడ్డాడు. గడ్డం మాసి ఉన్నది. చెయ్యి తలుపుకు ఆనించాడు.

"సార్ చెప్తున్నది నిజమే, మేడమ్," అన్నాడు.

ఇన్నాళ్ళకు నోరు విప్పిన మనిషి ఇంట్లో నిలబడి పెళ్ళాన్ని మేడమ్ అన్నాడు. బడి గేటు దాటితే ఆయన ఆమెను జ్యోతి అనే పిలుస్తాడు. రైల్లో కూడా జ్యోతి అనే పిలుస్తాడు. శాంతవ్వ కొడుకు మాట్లాడాడన్న సంతోషంతో లేవబోయి, ఆ పిలుపు విని మళ్ళీ కూచున్నది.

"ఆఁ, సార్ మాట్లాడుతున్నరు గదా. ఇంకేంది," అన్నాడు సూర్యప్రకాశ్.

కుమారస్వామి ఆయన వైపు చూడలేదు. "ఊర్లు తిరగాలె అన్నది ఆయన. ఎవరు తిరగాల్నో ఏసినది నువ్వు. యాలాల్ నాకే, బంట్వారం నాకే, పరిగి దిక్కు నాకే. ఎందుకు? నేను నీ ఇంటోన్ని."

"నువ్వు ఒక్కనాడన్న కాదన్నవా? ఏమిచ్చినా సరే మేడమ్, సరే మేడమ్ అంటివి."

"ఏమనాలె మరి? మిగిలినోళ్ళకు ప్రిన్సిపాల్ మీద కోపమొస్తే ఇంటికి వొయ్యి పెండ్లానికి చెప్పుకుంటరు. నేను ఎవరికి చెప్పుకోవాలె?"

కుమారస్వామి తలుపుకు ఆనించిన చెయ్యి తీశాడు.

"ఒక్కసారి అడిగిన. యాదికున్నదా? నాల్గో పీరియడ్ ఒక్కటి నాకు ఇడిసిపెట్టు, జర కండ్లు మూసుకొని కూసుంట అన్న. అందరు చూస్తున్నరు సార్ అన్నవు. మల్ల అడగలే."

ఆమెకు గుర్తున్నది. స్టాఫ్ రూమ్ గడపలో, రెబెక్క పక్కనే ఉండగా అన్న మాట. రెబెక్క అప్పుడు తల వంచుకుని పుస్తకాలు సర్దుకున్నది.

"బుధారం నాడు బోర్డు మీద లెక్క మొదలువెట్టిన," అన్నాడు కుమారస్వామి. "ఏండ్ల సంది చెప్తున్న లెక్క. రెండో లైను ఏం రాయాల్నో తెల్వలే. ఎంత జేసినా యాదికి వస్తలేదు. ఎనకకు తిరిగితే పిల్లలు ముఖం చూస్తరని బోర్డు దిక్కే నిలవడ్డ. ముందుగాల నవ్విన్రు. తర్వాత నవ్వుడు బందు వెట్టిన్రు. నాకు భయమైంది జ్యోతి. పిచ్చి లేస్తదేమో అని భయమైంది. నువ్వు తలుపు కాడికి వచ్చినవు. నిన్ను చూసినంక పానం లేచొచ్చింది. నువ్వు ఏమడిగినవు?"

శాంతవ్వ కోడలి వైపు చూసింది. "ఏమడిగినవు?"

"సిలబస్ అయ్యిందా సార్ అని అడిగింది," అన్నాడు కుమారస్వామి.

నాకైతే ఆ ప్రిన్సిపాలమ్మ మీద అప్పుడు పుట్టిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. పిల్లల ముందర మొగుణ్ణి ఏమైందని అడిగితే తన నిక్కచ్చితనం ఎక్కడ పోతుందోనని ఆమె భయపడ్డది. ఆమె భయం ఆమెది. కానీ ఆ క్లాసు గదిలో ఇంకో మనిషి భయం కూడా ఉన్నది గదా.

సూర్యప్రకాశ్ లేచి అంగీ సర్దుకున్నాడు. "ఇండ్లల్ల ఇవన్ని ఉంటయి మేడమ్. మీరు మీరు మాట్లాడుకోండ్రి. పొద్దటి క్లాసు మాత్రం యాది వెట్టుకోండ్రి," అని కారెక్కాడు. ఆపిల్ సంచి ఉన్నచోటే ఉండిపోయింది.

ఆయన పోయాక జ్యోతిరాణి భర్త దగ్గరికి వెళ్ళి నిలబడ్డది. ఏడవాలని ఉన్నది గాని అత్త ఎదుట ఏడుపు రాలేదు.

"తప్పయింది," అన్నది. "నిన్ను ఎక్కువ జేస్తే అందరు నన్ను అంటరని భయం. నువ్వు ఏం అనవని ధైర్యం. గంతే. నువ్వు రాజీనామా ఇయ్యకు. ఏం జెయ్యమంటవో చెప్పు."

కుమారస్వామి మంచం అంచున కూచున్నాడు.

"బడి అంటే నాకు కోపం లేదు. పిల్లలంటే లేదు. జర నిలవడినంక నేనే వస్త, ఈ వారంల వస్త," అన్నాడు. "అప్పటిదాక నా పీరియడ్లు ఇంకొకల నెత్తిన వెయ్యకు. రెండు సెక్షన్లు కలిపి కూసోబెట్టు. నీకు తీరినప్పుడు నువ్వు పాఠం చెప్పు. ఒక గంట పిల్లలు వాళ్ళంతట వాళ్ళు సదువుకుంటే ఏం మునిగిపోదు. క్లాసు ఖాళీ ఉన్నదని ఎవడన్న అడిగితే, ఉన్నది అని చెప్పు. అది ఒక్కటి చెప్పగల్తవా?"

"చెప్త."

"నీ మాట మీద నాకు నమ్మకం పోయింది జ్యోతి. అది ఉంటెనే నేను మల్ల బడికైనా రాగల్త, ఈ ఇంట్లనైనా ఉండగల్త."

జ్యోతిరాణి అతని తల మీద చెయ్యి పెట్టింది. "నీ మీద ఒట్టు. నీ పని ఎవ్వరి నెత్తిన వెయ్య."

శాంతవ్వ ఆ చేతిని చూసింది. ఏమీ అనకుండా లేచి రొట్టెలు మళ్ళీ పెనం మీద వేడి చేసి, పచ్చి పులుసుతో తెచ్చింది. కుమారస్వామి తిన్నాడు. తల్లి కూడా కొడుకు పక్కన కూచుని తిన్నది. పచ్చి పులుసులో ఉప్పెక్కువైందని కొడుకు అంటే, నాలుగు దినాల సంది నాలుకకు రుచి లేక గట్లనిపిస్తది అన్నది తల్లి. జ్యోతిరాణికి ఆ మాటలు వింటుంటే మళ్ళీ ఇల్లు ఇల్లులా అనిపించింది. తనే ఆపిల్ ఒకటి కోసి భర్తకు ఇచ్చింది. ఆయన అది మాత్రం తినలేదు.

సాయంత్రం ఆమె ఫోనులో మెసేజ్ వచ్చింది. సూర్యప్రకాశ్ పెట్టాడు. పేరెంట్స్ పొద్దటి క్లాసు చూడటానికి త్వరగా వస్తారట. ఎవరు చెబుతున్నారో తెలుపగలరు, అని ఉన్నది. చివర దండం పెడుతున్న బొమ్మ.

ఆమె ఫోను పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఎవ్వరూ చెప్పడం లేదు సార్, పిల్లలే చదువుకుంటారు అని రాసింది. పంపలేదు. తుడిపేసింది. నేనే చెబుతాను అని రాసింది. రేపు తలిదండ్రులను గేటు దగ్గర పలకరించవలసింది తనే. అదీ తుడిపేసింది. రెండు సెక్షన్లు కలుపుతున్నాం అని రాస్తే అడ్మిషన్లప్పుడు ఆ మాటే ఎత్తుతాడు. వేలు ఫోను మీద అటూ ఇటూ పోయింది. ఒక్క రోజే గదా అనుకున్నది. ఒట్టు మొగుడి పని గురించి పెట్టింది, ఇది బడి పని అనుకున్నది. తనకు తాను అబద్ధం చెప్పుకోవడంలో ప్రిన్సిపాళ్ళు ఎవరికీ తీసిపోరు.

"రెబెక్కా, ఏం జేస్తున్నవు?" అన్నది ఫోను కలిపి.

"ఇప్పుడే ప్రేయర్ నుంచి వచ్చిన మేడమ్. సార్ ఎట్లున్నడు? మాట్లాడిండా?"

"మాట్లాడిండు. మంచిగున్నడు. రెబెక్కా, రేపు పొద్దటి క్లాసు నువ్వు తీసుకోవాలె. ఒక్క రోజు."

అవతల మాట లేదు.

"ఇంటున్నవా?"

"ఇంటున్న మేడమ్. నాకు మొన్నటి సంది..." అని రెబెక్క ఆగింది.

ఏమైందని ఒక్క మాట అడిగి ఉంటే ఆ అమ్మాయి చెప్పేది. జ్యోతిరాణి అడగలేదు. అడిగితే వినవలసి వస్తుంది. విన్నాక క్లాసు వెయ్యలేకపోతుంది.

"వేరేవాళ్ళను అడిగితే పేరు వెడ్తరు. నువ్వంటే మనదానివి గదా," అన్నది.

"సరే మేడమ్," అన్నది రెబెక్క.

ఫోను పెట్టేసి ఆమె వెనక్కి తిరిగింది. పగలు తిన్న పళ్ళెం కడుగుదామని కుమారస్వామి పెరటి గడపలోకి వచ్చి ఉన్నాడు. నీళ్ళ కుండ దగ్గరే ఆగిపోయాడు. ఎప్పటినుంచి ఉన్నాడో ఆమె అడగలేదు.

"సరే మేడమ్ అన్నదా?" అని అడిగాడు.

"ఒక్క రోజే..."

"నాకు గూడ మొదట ఒక్క రోజే అన్నవు."

ఆయన అరవలేదు. పళ్ళెం కడిగి బోర్లించాడు. చేతులు తుడుచుకున్నాడు.

"ఆమెను రావద్దని చెప్పుండ్రి మేడమ్," అన్నాడు. "పొద్దటి క్లాసుకు నేనే వస్త."

అమ్మయ్య, క్లాసు ఖాళీగా ఉండదు అనుకున్నది జ్యోతిరాణి. ఆమెకు ముందుగా కలిగింది ఆ ఊరటే. ఆ తరువాతే భర్త ముఖం చూసింది, ఆ తల మీద తాను పెట్టిన చెయ్యి గుర్తుకు వచ్చింది.

"స్వామీ, ఆగు," అన్నది. ఆయన ఆగలేదు.

గదిలో ఇస్త్రీ పెట్టె తీసిన చప్పుడైంది. శాంతవ్వ అడుగుతున్నది, "గిప్పుడు అంగీ ఎందుకు కొడుకా? యాడికి వోతవు? ఓ స్వామీ, నిన్నే అడుగుతున్న."

ఆయన తల్లికి జవాబు చెప్పలేదు. ఆమె మళ్ళీ అడిగింది, మళ్ళీ అడిగింది. పెరట్లో ఫోను పట్టుకుని నిలబడ్డ జ్యోతిరాణికి అత్త గొంతు ఒక్కటే వినపడుతున్నది.